నెల్లూరులో డ్యూటీ దగ్గర అవమానాలు, ఇంటికొస్తే నిద్ర లేదు: ఎవరికి చెప్పుకోవాలి?

చెల్లెమ్మా, నువ్వు అని పిలుస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. నెల్లూరులో ఒక ప్రైవేటు హాస్పిటల్లో రెండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నానని, ఇన్‌చార్జి పేషెంట్ల ముందే తిడుతుందని, ఒక రోజు సెలవు పెడితే రెండు రోజుల జీతం కోస్తున్నారని, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయని రాశావు. మూడు వారాలుగా నిద్ర లేదని, ఇంట్లో చెబితే ఓర్చుకోమంటున్నారని కూడా రాశావు. చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. ఎందుకంటే ఇందులో సగం నేను పడ్డదే.

నాది కందుకూరు దగ్గర పల్లె. నెల్లూరులోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నాలుగేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను. పొద్దున ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి తొమ్మిది దాకా పని. వేసవి వస్తే అడ్మిషన్ల కోసం ఊరూరా తిరగాలి, టార్గెట్ రాకపోతే జీతం ఆపుతారు. అందరికీ ఉన్నదే కదా అని అదంతా మోశాను. నన్ను కుంగదీసింది సోమవారం మీటింగులు. వీక్లీ టెస్ట్ మార్కుల షీటు చేతికిచ్చి అందరి ముందు నిలబెట్టి, "తింటున్న జీతానికి సిగ్గుండాలి" అనేవారు. ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో తిప్పేది. ఒకరోజు బోర్డు మీద సమీకరణం రాస్తూ సగంలో ఆగిపోయాను. ఎన్నోసార్లు చెప్పిన పాఠం, తర్వాత ఏం రాయాలో గుర్తు రాలేదు. పిల్లలు నిశ్శబ్దంగా చూస్తూ ఉన్నారు.

ఇంట్లో చెబితే మా అమ్మ కూడా మీవాళ్ళ మాటే అంది: "ఉజ్జోగం అంటే అట్నే ఉంటాదమ్మా, ఓర్చుకోవాల." ఆమె బాధ వేరు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో దిగి నా కోసం ఉద్యోగ రొట్టె పట్టింది ఆమే. ఉద్యోగం వచ్చాక మరుసటి ఏడు అక్కడికే వెళ్ళి రొట్టె ఇచ్చి మొక్కు తీర్చుకుంది. అలా వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నితే తప్పు జరుగుతుందని ఆమె భయం. నా మీద ప్రేమ లేక అన్న మాట కాదని నాకు చాలా రోజులకు గానీ అర్థం కాలేదు. మీ అమ్మానాన్నల మాట వెనకా ఇలాంటి భయమేదో ఉండొచ్చు. వాళ్ళను ఒప్పించే పని కొన్నాళ్ళు పక్కన పెట్టు.

ఎవరికి చెప్పుకోవాలి అన్నావు. మనసులోది చెప్పుకునే చోటు వేరు, ఫిర్యాదు చేసే చోటు వేరు. నేను ఈ రెండూ కలిపేసి రెండుసార్లు దెబ్బ తిన్నాను. మొదట స్టాఫ్‌రూములో పక్క సీటు ఆమెకు అంతా చెప్పి ఏడ్చాను. రెండు రోజుల్లో అది పైవాళ్ళ చెవిన పడింది. ఆమెనూ తప్పుపట్టను, ఆమె ఉద్యోగం ఆమెకు ముఖ్యం. తర్వాత లేబర్ ఆఫీసుకు వెళ్ళి అక్కడా ఏడ్చాను. ఆ ఆఫీసరు మర్యాదగానే మాట్లాడారు. అపాయింట్‌మెంట్ లెటర్ ఉందా, ఏ నెల జీతం ఆపారు, ఎంత ఆపారు అని అడిగారు. ఒక్కదానికీ నా దగ్గర కాగితం లేదు. బయటికొచ్చి ఆర్టీసీ బస్టాండులో చాలాసేపు కూర్చున్నాను.

కాబట్టి ముందు చెప్పుకునే చోటు చూసుకో. హాస్పిటల్‌తో సంబంధం లేని మనిషి ఒక్కరుంటే చాలు. నాకు మా పెద్దమ్మ కూతురు అక్క ఉంది. సలహా ఇవ్వకుండా వినేది, అదే ఆమె చేసిన పెద్ద సాయం. అలాంటివాళ్ళు ఎవరూ తోచకపోతే 14416 కు ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు. నేను చేసింది రాత్రి పదకొండు దాటాక, హాస్టల్ మేడ మీద నుంచి. మొదటి రెండు నిమిషాలు మాట రాలేదు. అవతలి అమ్మాయి "పర్వాలేదు మేడమ్, లైన్లోనే ఉంటాను" అంది. కాలేజీ పేరు నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఎప్పుడైనా బతకడం ఎందుకు అనిపిస్తే మాత్రం తెల్లవారే దాకా ఆగవద్దు. ఆ క్షణమే ఈ నంబరుకు చెయ్యి, పక్కన ఉన్న మనిషిని లేపు.

ఆమె చెప్పాకే దర్గామిట్టలో పెద్దాసుపత్రికి వెళ్ళాను. ఓపీ చీటీ తీసుకుని మానసిక వైద్య విభాగం దగ్గర కూర్చుంటే ఎవరైనా చూస్తారేమోనని చున్నీ ముఖానికి కప్పుకున్నాను. డాక్టరు ముందు నిద్ర గురించి, తిండి గురించి అడిగారు. కొన్ని వారాలకు మందులు రాసి, మళ్ళీ రమ్మన్నారు. పదిహేను రోజులకు నిద్ర పట్టడం మొదలైంది. అప్పటికి గానీ ఏం చెయ్యాలో ఆలోచించే ఓపిక రాలేదు. నెల్లూరు ఆసుపత్రుల్లో నీకు తెలిసిన ముఖాలు ఉంటాయి కాబట్టి మొహమాటంగా ఉంటే ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్ళు, రిమ్స్ అంటే ఎవరైనా చూపిస్తారు. ఇంకొక్క మాట, నర్సువి కాబట్టి చెబుతున్నాను: నిద్రమాత్రలు నీ చేతికి అందుబాటులో ఉంటాయి. వార్డులోవి నీ అంతట నువ్వు వేసుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట విను.

ఇక ఫిర్యాదు. ఆఫీసులో పైవాళ్ళు అరిచినందుకు, అవమానించినందుకు అని ప్రత్యేకంగా ఒక చట్టం మన దేశంలో లేదు. అందుకే "మా ఇన్‌చార్జి మంచిది కాదు" అని వెళ్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. నీ దగ్గర లెక్కకు వచ్చేవి ఉన్నాయి: కోసిన జీతం, వరసగా వేసిన డ్యూటీలు, ఆపుకున్న సర్టిఫికెట్లు. వాటిని పట్టుకో. ఒక నోటుబుక్కు పెట్టి తేదీ, టైము, అన్న మాట అన్నట్టే, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇవి రాయి. నోటుబుక్కు ఇంట్లో ఉంచు. డ్యూటీ రోస్టర్ ఫొటో తీసి పెట్టుకో, పేషెంట్ల వివరాలు అందులో పడకుండా చూసుకో. డ్యూటీకి రమ్మని వాట్సాప్‌లో పెట్టిన మెసేజీలు చెరిపేయవద్దు. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించు. జీతం సంగతికి వీటితో లేబర్ ఆఫీసుకు వెళ్ళొచ్చు. వెళ్ళి ఏమీ కాకపోతే సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వు, రసీదు అడిగి తీసుకో.

సర్టిఫికెట్లకు నాకు పనిచేసింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. కోర్టు ఆవరణలోనే ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. 15100 కు ఫోన్ చేసినా చెబుతారు. కేసు వెయ్యకముందే రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడించే పద్ధతి ఉంది, దాన్ని ప్రీ లిటిగేషన్ అంటారు. నేను తెల్లకాగితం మీద అర్జీ రాసిస్తే కాలేజీకి నోటీసు వెళ్ళింది. మొదటి వాయిదాకు ఎవరూ రాలేదు. రెండోదానికి వాళ్ళ మనిషి కవరులో నా సర్టిఫికెట్లు పెట్టుకుని వచ్చాడు. వేసవిలో ఆపిన జీతం మాత్రం సగమే వచ్చింది, అంతటితో ఒప్పుకున్నాను.

నువ్వు రాయలేదు గానీ అడగాలి. తిట్టడంతో పాటు ఎవరైనా అసభ్యంగా మాట్లాడటం, తాకడం ఉంటే దారి వేరే. పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. అది లేకపోతే, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి, కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇస్తారు. ఎటు వెళ్ళాలో తెలియకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181 కు ఫోన్ చెయ్యి. నువ్వు ఎస్సీ లేదా ఎస్టీ అయితే, ఆ వర్గాలవాళ్ళు కానివాళ్ళు నలుగురి ముందు కులం పేరుతో తిడితే అది అట్రాసిటీ చట్టం కిందికి వస్తుంది, లాయరుకు మొదటి రోజే చెప్పు.

ఉద్యోగం మానెయ్యనా అని చివర్లో అడిగావు. నిద్ర లేని ఈ వారంలో మాత్రం ఆ నిర్ణయం తీసుకోకు. నేను సర్టిఫికెట్లు చేతికి వచ్చాక, కావలిలో ఇంకో చోట మాట్లాడుకున్నాక మానేశాను. అక్కడ జీతం నాలుగు వేలు తక్కువ. అమ్మ నాలుగు నెలలు సరిగా మాట్లాడలేదు. ఆ సంక్రాంతికి ఇంటికెళ్తే, నేను మధ్యాహ్నం పూట గాఢంగా నిద్రపోవడం చూసి లేపకుండా తలుపు దగ్గరగా వేసిందట. అక్క చెప్పింది.

నైట్ డ్యూటీ దిగిన పొద్దున కాస్త తిని పడుకుని, లేచాక 14416 కు ఫోన్ చెయ్యి. నోటుబుక్కు ఆ సాయంత్రం మొదలుపెట్టొచ్చు. అర్జీ రాసేటప్పుడు ఏ మాట దగ్గర ఆగిపోయినా నన్ను అడుగు, కూర్చుని రాద్దాం.