టెక్ సందేహాలు: కనిపించిన కమాండల్లా టెర్మినల్‌లో పెట్టకండి

ప్రశ్న: రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, ఉండేది వనస్థలిపురంలో. పాత ల్యాప్‌టాప్‌కి విండోస్ 11 ఎక్కదంటే మా మేనల్లుడు ఉబుంటు (విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్ సిస్టమ్) వేసి బెంగళూరు వెళ్లిపోయాడు. ప్రింటర్ పనిచేయలేదు. నెట్‌లో ఎవరో చెప్పిన ‘సుడో సీహెచ్‌మోడ్ 777’ కమాండ్‌ని టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెరలో, కొట్టాను. అప్పట్నుంచి సుడో అంటే పాస్‌వర్డ్ కూడా అడక్కుండా ఎర్రర్ చూపిస్తోంది. నా పాత పాఠాల ఫైళ్లలో తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తున్నాయి. మళ్లీ విండోస్‌కే వెళ్లాలా?

జవాబు: మాస్టారూ, మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ఆ తెలుగు పాత డీటీపీ (అచ్చు పని) ఫాంట్‌తో టైప్ చేసింది. ఆ ఫాంట్ లేనిచోట ఇలాగే కనిపిస్తుంది. 1991లో వచ్చిన యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడ్) తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా మన ఊళ్లో డీటీపీ పని పాత ఫాంట్లలో నడుస్తుంటే, నష్టపోయేది మీలాంటివాళ్లు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

అసలు దెబ్బ ఆ కమాండ్‌ది. సుడో అంటే పూర్తి అధికారంతో నడుపు అని, సీహెచ్‌మోడ్ అంటే ఫైళ్ల అనుమతులు మార్చు అని. అందులో ‘-R’ (లోపలున్న అన్నింటికీ అని), చివర ఒక స్లాష్ ఉండి ఉంటాయి. ఆ ఒక్క గీతకు అర్థం ‘మొత్తం సిస్టమ్’ అని. 777 అంటే చదవడం, రాయడం, నడపడం అందరికీ అనుమతి. ఏ ఫైల్‌కి ఎవరు యజమాని, ఎవరికి ఎంత హక్కు అన్నదాని మీదే లైనక్స్ భద్రత నిలబడి ఉంది. మీరు ఇంట్లో ప్రతి గదికీ, బీరువాకీ తాళం తీసేశారు. సుడో ప్రోగ్రామ్‌కి ఉండాల్సిన ప్రత్యేక గుర్తు కూడా అందులోనే చెరిగిపోయింది, అందుకే అది పనిచేయనంటోంది. వేల ఫైళ్ల అనుమతుల్ని ఒక్కొక్కటిగా వెనక్కి తేవడం అయ్యే పని కాదు. పెన్‌డ్రైవ్‌లోని ఉబుంటుతోనే మెషిన్ ఆన్ చేసి (లైవ్ బూట్), మీ ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌ని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, సిస్టమ్‌ని మళ్లీ వేయించండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఆగకుండా వస్తున్నాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయాక ఇంకా పెరిగాయి. అందరూ చేసే పొరపాటు ఒకటే: ఎవరో రాసిన కమాండ్, ముందు సుడో, ఆపైన ఎంటర్. సుడో పెట్టి పాస్‌వర్డ్ ఇస్తే మీరు మెషిన్ మొత్తం ఆ వాక్యం చేతిలో పెట్టినట్టే. వెబ్‌పేజీలో కంటికి కనిపించేది ఒకటి, కాపీ అయ్యేది ఇంకొకటి అయ్యేలా కూడా చేయొచ్చు. తెలియనివాళ్ల సాఫ్ట్‌వేర్ రిపాజిటరీని (సాఫ్ట్‌వేర్ దించుకునే గోదాం) కలుపుకుంటే ఇంకా ప్రమాదం. ప్రతి అప్‌డేట్‌లోనూ వాళ్లు పంపింది పూర్తి అధికారంతో మీ మెషిన్‌లోకి దిగుతుంది. 2016 ఫిబ్రవరిలో లైనక్స్ మింట్ అనే మరో లైనక్స్ సిస్టమ్ సొంత వెబ్‌సైట్‌నే హ్యాక్ చేసి, దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) వైపు లింకు మళ్లించారు. అందుకే ఈసారి ఐఎస్‌ఓ దించాక చెక్‌సమ్ (ఫైల్ మారలేదని తేల్చే గుర్తు), దాని సంతకం (అది అసలువాళ్లదేనని తేల్చేది) రెండూ సరిచూడమని మేనల్లుడికి గట్టిగా చెప్పండి.

ఆ అబ్బాయికి నేను చెప్పాల్సింది కూడా ఉంది. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతున్నారు, తెర మీద చుక్క కూడా పడటం లేదు. కీబోర్డు పోయిందనుకుని ఒక్కో మీటనూ గట్టిగా నొక్కుతున్నారు. మూడుసార్లు తప్పాక నా వైపు చూసి ‘నా వల్ల కాదు బాబూ’ అన్నారు. ఆయన తప్పేం లేదు. టైప్ చేస్తున్నట్టు మనిషికి తెలియనివ్వని డిజైన్‌దే తప్పు. అమీర్‌పేటలో లైనక్స్ నేర్పే కోచింగ్ సెంటర్లకు కొదవలేదు. కానీ అక్కడ నేర్చుకునేది సర్వర్ల ఉద్యోగం కోసం. మన కాలనీలో పెద్దాయన ప్రింటర్ ఆగితే వచ్చి చూసేవాళ్లు లేరు. లైనక్స్ వేసి ఇచ్చేవాళ్లు ముందు ఇంట్లో ఏ పనులు చేస్తారో అడగాలి, ప్రింటర్‌తో ఒక పేజీ తీసి చూపించాలి, ఆరు నెలలు ఫోన్ ఎత్తాలి. అంత ఓపిక లేకపోతే వేయొద్దు.

విండోస్‌కి వెళ్లాలా అంటే, మీ పని బ్రౌజర్, టైపింగ్, వీడియోలే కాబట్టి అక్కర్లేదు. ట్యాలీ, డీటీపీ మీద బతికేవాళ్లైతే లైనక్స్‌కి మారొద్దంటాను. ఏదైనా సరే, షాపులో ‘యాక్టివేటర్’తో దొంగ విండోస్ మాత్రం వేయించుకోకండి. అందులో ఏముందో వేసినవాడికి కూడా తెలియదు.

ప్రింటర్ విషయానికొస్తే, డ్రైవర్ దొరకని పాత మోడల్‌తో కుస్తీ ఆపేయండి. డ్రైవర్ లేకుండా నడిచే నెట్‌వర్క్ ప్రింటర్లు ఇప్పుడు మామూలుగా దొరుకుతున్నాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, అక్కడే దాంతో ఒక తెలుగు పేజీ ప్రింట్ తీసి చూశాకే డబ్బు ఇవ్వండి.