టెండర్ ముగిస్తే మా పని కూడా ముగిసినట్టేనా?

ప్రశ్న: సార్, నమస్తే. ప్రభుత్వ బొగ్గు గని సీహెచ్‌పీలో (బొగ్గును పగలగొట్టి బెల్టుల మీద పంపే ప్లాంటు) పదకొండేళ్లుగా కాంట్రాక్టు కార్మికుణ్ణి. బెల్టు కింద, బంకర్ (బొగ్గు నిల్వ చేసే పెద్ద తొట్టి) కింద రాలిన బొగ్గు ఎత్తిపోస్తాం. ముగ్గురు కాంట్రాక్టర్లు మారారు, మేం మాత్రం మారలేదు. పోయిన నెల టెండర్ అయిపోయిందని 28 మందినీ గేటు దగ్గరే ఆపి పాసులు తీసేసుకున్నారు. కంపెనీ వాళ్లను అడిగితే ‘మీ కాంట్రాక్టర్‌ను అడగండి’ అంటారు, ఆయనేమో ఫోన్ ఎత్తడు. యూనియన్ గట్టిగా అడిగితే సగం మందిని కొత్త కాంట్రాక్టర్ కింద తీసుకుంటామన్నారు, కానీ ఎవరమూ కేసు వేయమని అందరం సంతకం పెట్టాలట. పెట్టమంటారా? ఇంట్లో ఒకటే టెన్షన్.
- బొగ్గు బెల్టు నుంచి ఒక పాఠకుడు

జవాబు: పెట్టకండి. కొత్త కాంట్రాక్టర్ పనికి పిలిస్తే వెళ్లండి, ఇల్లు గడవాలి కదా, కేసు వేయమని మాత్రం ఎవరూ రాసివ్వొద్దు.

మీ ఉత్తరం చదువుతుంటే ఒడిశాలోని బ్రజరాజ్‌నగర్ కేసే గుర్తొచ్చింది. కోల్ ఇండియా కింద ఉండే మహానది కోల్‌ఫీల్డ్స్ ఒకవైపు, అక్కడి గని కార్మికుల యూనియన్ ఇంకోవైపు. ఎప్పుడూ ఉండే పనులకు కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదని 1989 నాటి నాలుగో బొగ్గు వేతన ఒప్పందంలో రాసుకున్నారు కాబట్టి 32 మందిని పర్మినెంట్ చేయమని యూనియన్ అడిగింది. 1997 ఏప్రిల్‌లో రాజీ కుదిరి 19 మందిని తీసుకున్నారు, 13 మందిని వదిలేశారు. ఆ 13 మంది చేసిందేమిటో తెలుసా? బంకర్ కింద, రైల్వే సైడింగ్‌లో ఒలికిన బొగ్గు తీయడం. అచ్చం మీ పనే! రోజూ బొగ్గు నడిచే చోట రోజూ బొగ్గు రాలుతుంది, దాన్ని ఎప్పుడో ఒకసారి వచ్చే పని అంటే ఎలా? రాజీ కాగితం మీద యూనియన్ సంతకం ఉంది కదా అని కంపెనీ వాదించింది గానీ, 32 మందిదీ ఒకే పరిస్థితి అని కార్మిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్ 2002 మేలో తేల్చింది. కంపెనీ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2024 మార్చి 12న అక్కడా ఓడింది. ట్రిబ్యునల్ తీర్పు వచ్చిన రోజు నుంచి పాత జీతాలు కట్టివ్వమని కోర్టు చెప్పింది. రాజీ నాటి నుంచి లెక్కేస్తే 27 ఏళ్లు. పదమూడు మంది కూలీల మీద ఒక ప్రభుత్వ సంస్థ ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరగడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

అలాగని ఆశ ఎక్కువ పెట్టను. ఒక పనిలో కాంట్రాక్టు కార్మికులను పెట్టొద్దని ప్రభుత్వం నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు దానంతటదే కంపెనీ ఉద్యోగులైపోరని స్టీల్ అథారిటీ కేసులో 2001లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది: కాంట్రాక్టు పేరుకే అని, నడిపించేదంతా కంపెనీయే అని రుజువైతే మీరు కంపెనీ మనుషుల కిందే లెక్క. రుజువు మాత్రం మీ చేతిలో ఉండాలి. గేటు పాస్ జిరాక్సులు, వీటీసీ (గని పనికి ముందు ఇచ్చే శిక్షణ కేంద్రం) సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన ఎంట్రీలు, షిఫ్టులో పని చెప్పింది కంపెనీ సూపర్‌వైజరే అయితే ఆయన ఫోన్లో పంపిన మెసేజ్‌లు, అన్నీ తీసి పెట్టండి. సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్) నంబర్ కూడా చూడండి, ముగ్గురు కాంట్రాక్టర్లు మారినా అదే నంబర్‌లో డబ్బు జమవుతూ ఉంటే మీరెన్నేళ్లు చేశారో అదే చెబుతుంది.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఇలాంటి వివాదం మీద అర్జీ ఇచ్చే గడువు తగ్గింది. రెండేళ్లలోపు కదలాలి, మీరైతే ఈ నెలలోనే వెళ్లండి. గనులు కేంద్రం పరిధి కాబట్టి అర్జీ ఇవ్వాల్సింది కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసులో. యూనియన్ లెటర్‌హెడ్ మీద 28 పేర్లూ ఒకే లిస్టులో రాయించండి, కొత్త కాంట్రాక్టర్ తీసుకున్నవాళ్ల పేర్లు కూడా తీసేయనివ్వొద్దు, మీ కాపీ మీద ఆఫీసు స్టాంపు, తేదీ వేయించుకోకుండా బయటికి రాకండి.