పాత అంబాసిడర్‌కు సరైన ఎలక్ట్రికల్ సామాను ఎలా ఎంచుకోవాలి?

మీ తాతగారి 1968 అంబాసిడర్ మార్క్ 2 బ్యాటరీ ఛార్జి కావడం లేదని, దుకాణంలో "అంబాసిడర్‌దే" అని ఇచ్చిన కటౌట్ (డైనమో ఛార్జింగును అదుపు చేసే పెట్టె) బిగిస్తే సరిపోలేదని రాశారు. అదే తరం బండిని మా ఇంట్లో నేను పూర్తిగా బాగు చేయించాను కాబట్టి తెలిసింది చెబుతాను.

అంబాసిడర్ 1950ల చివర మొదలై 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. ఈ మధ్యలో, ఇంజనుతో తిరిగి బ్యాటరీని ఛార్జి చేసే డైనమో పోయి, అదే పని చేసే కొత్త రకం ఆల్టర్నేటర్ వచ్చింది. డైనమోకు కావలసిన కటౌట్ వేరు, ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ వేరు. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టకూడదు. అందుకని కౌంటర్ దగ్గర కారు పేరు చెప్పి అడగకండి. మీ బండిలో ఉన్న భాగాన్ని ఊడదీసి, కిరోసిన్‌తో తుడిచి, దాని మీద సుద్ద రుద్దండి. లూకాస్ (బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతిలో తయారైన సామాను మీద మోడల్ పేరు, అంకెల్లో పార్ట్ నంబరు కొట్టి ఉంటాయి, చాలా వాటి మీద తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. మా బండి డైనమో మీద సి40 అని, కటౌట్ మీద ఆర్‌బీ106 అని కనిపించాయి. ఆ కటౌట్‌కు ఎ, ఎ1, ఎఫ్, డి, ఇ అని అయిదు టెర్మినళ్లు ఉంటాయి. దుకాణదారు ఇచ్చిన దాని మీద ఈ అక్షరాలు లేకపోతే బిగించకుండానే వెనక్కి ఇచ్చేయండి.

అయితే కొనే ముందు అసలు పాడైంది ఏదో తేల్చుకోవాలి. డైనమో నుంచి రెండు వైర్లూ తీసేసి, దాని పెద్ద టెర్మినల్ డి, చిన్న టెర్మినల్ ఎఫ్ రెండింటినీ చిన్న వైరుతో కలపండి. వోల్టు మీటరు ఒక కొస అక్కడ, రెండోది బండి బాడీకి పెట్టి ఇంజను మెల్లగా వేగం పెంచండి. వోల్టేజీ చకచకా ఎక్కితే డైనమో బాగున్నట్టే, 20 వోల్టులు దాటనివ్వకుండా ఆపేయండి. అప్పుడు అనుమానం కటౌట్ మీద, లేదా మధ్యలోని వైర్ల మీద. అసలు ఎక్కకపోతే ముందు కార్బన్ బ్రష్‌లు చూడండి. అవి బాగుంటే ఆర్మేచర్‌ను (డైనమో లోపల తిరిగే తీగచుట్ట భాగం) రివైండింగ్ చేసేవారికి ఇవ్వండి. అచ్చమైన పాత డైనమోను బాగు చేయించుకోవడం, కొత్త పెట్టెలో వచ్చే లోకల్ సరుకు కొనడం కన్నా ఎంతో మేలని నా గట్టి నమ్మకం. పాత భాగం ఎంత చెడిపోయినా పారేయవద్దు, మెకానిక్‌ను కూడా పారేయనివ్వవద్దు. నమూనా అదే.

ఎర్తు సంగతి చాలా ముఖ్యం. ఆ కాలపు బ్రిటిష్ నమూనా బళ్లలో కొన్నింటికి బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. మీ బండిలో ఏది కలిపి ఉందో కళ్లతో చూడండి, ఎవరి మాటా నమ్మకండి. పాత ఇగ్నిషన్ కాయిల్ (స్పార్కుకు హై వోల్టేజీ ఇచ్చేది) మీద ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉంటే మొదటిది స్విచ్చి వైపు, రెండోది డిస్ట్రిబ్యూటర్ (స్పార్కును ప్లగ్గులకు పంచేది) వైపు. కొత్త కాయిల్ మీద ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి: మైనస్ ఎర్తు బండిలో స్విచ్చికి ప్లస్, ప్లస్ ఎర్తు బండిలో స్విచ్చికి మైనస్. బాగు చేసిన డైనమోను బిగించాక, వైర్లు పెట్టకముందే బ్యాటరీలో ఎర్తు కాని కొస నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కు క్షణంపాటు తాకించండి. ఈ పని మరిచిపోతే అది తలకిందుల ధ్రువంతో ఛార్జి చేసి కొత్త కటౌట్‌నూ కాల్చేయగలదు.

ఫ్యూజుల దగ్గర చాలామంది మోసపోతారు. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటుంది. అది పేలిపోయే అంకె, నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. ఇప్పటి ఫ్యూజుల మీద రాసేది నిలకడగా మోసే అంకె. అది తెలియక కొత్త రకం 35 ఫ్యూజు వేస్తే ఫ్యూజు కన్నా ముందు వైరు కాలుతుంది. వైరు కూడా మందం అడిగి కొనండి: పాత 28/.012 అంటే 0.012 అంగుళాల తీగలు 28. ఇప్పటి 28/0.30, అంటే 2 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి సరిగ్గా సరిపోతుంది. రంగులు కూడా పాతవే పెట్టించండి. డైనమో డి వైరు పసుపు, ఎఫ్ వైరు పసుపు మీద ఆకుపచ్చ గీత, ఎర్తు నలుపు.

ఇండికేటర్‌లకు ఎల్ఈడీ బల్బులు వద్దు. ఇండికేటర్‌ను మిణకించే పాత ఫ్లాషర్ రెండు 21 వాట్ల బల్బుల లోడు మీద లెక్కకట్టి చేసినది, తక్కువ కరెంటు తీసుకునే ఎల్ఈడీలతో అది సరిగా మిణకదు.

దుకాణాల విషయానికొస్తే, విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ ముందు తిరగండి. అక్కడ దొరకకపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్. కొత్త దుకాణాలకన్నా, పాత స్టాకు అటక మీద ఉన్న చిన్న దుకాణాల్లో ఓపికగా అడగండి. మీ కటౌట్, డైనమోల మీది నంబర్ల ఫోటోలు, బ్యాటరీ ఎర్తు వైపు ఫోటో ఇక్కడే పెడితే, ఏది కొనాలో ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.