వెనిగర్‌తో మా కడప బండకు ఏమైందంటే

రెండు గేదెలు, నాలుగు కోళ్లు, పెరటి తోట ఉన్న ఇంట్లో వెనిగర్ వేటికి పనికొస్తుంది, సబ్బులూ ఫినాయిలూ మానేసి అన్నిటికీ అదే వాడొచ్చా అని అడిగారు. మాదీ అలాంటి ఇల్లే, పల్నాడులో పిడుగురాళ్లకు దగ్గర. అన్నిటికీ వద్దు. సున్నం పట్టిన చోట వాడండి, మిగతా వాటికి సీసా తియ్యనే తియ్యకండి. వంటగట్టు పాడుచేసుకుని నేర్చుకున్న మాట ఇది.

మా వైపు భూమిలో అంతా సున్నపురాయే, పిడుగురాళ్ల చుట్టూ సున్నపు బట్టీలు ఉన్నదీ అందుకే. బోరు నీళ్లలోనూ అదే వస్తుంది. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర, కుళాయి మూతికి గడ్డలు, షవర్‌లో సగం కన్నాలు మూసుకుపోయి నీళ్లు గోడకు చిమ్మడం. పీచుతో ఎంత తోమినా రాదు, గోళ్లు అరిగిపోవడమే.

రెండేళ్ల కిందట సంక్రాంతికి ఇల్లు కడుగుతూ, వంటగదిలో సింకు పక్కనున్న కుళాయికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. వీడియోలో అరగంట అన్నారు, నేను గేదెల పనిలో పడి మర్చిపోయి రాత్రంతా వదిలేశాను. తెల్లారి అత్తయ్య టీ పెడదామని వెళ్లి, "అమ్మాయ్, గట్టు మీద సున్నం ఒలకబోశావా?" అని కేకేశారు. వెళ్లి చూస్తే కుళాయి కొన్నరోజు ఉన్నట్టు మెరుస్తోంది. దాని కింద, గుడ్డ నుంచి బొట్టుబొట్టుగా కారిన దారి పొడుగునా నల్లటి కడప బండ బూడిద రంగుకి తిరిగింది. తుడిచాను, కడిగాను, పోలేదు. కొబ్బరి నూనె రాస్తే నల్లబడింది, హమ్మయ్య అనుకున్నాను, రెండు రోజులకు మళ్లీ తేలింది. వేలితో తడిమితే అక్కడ నునుపు పోయి గరగరలాడుతోంది. పండగకు ఆడపడుచు వాళ్లు వస్తున్నారు, ఇరవై ఏళ్ల కింద మామయ్య దగ్గరుండి వేయించిన గట్టు అది, నాకు ఆ పండగంతా టెన్షనే.

తర్వాత బండలు పాలిష్ పట్టే అతను వచ్చి, పెరట్లో పడున్న విరిగిన కడప ముక్క మీద నిమ్మచెక్క పిండాడు. సన్నటి బుడగలు వచ్చాయి. "ఇదీ సున్నపురాయేనమ్మా, పులుపు పడితే తినేస్తుంది" అన్నాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. కుళాయికి పట్టిన తెల్లపొర, కడప బండ, తాండూరు బండ, మాచర్ల నాపరాయి, పాలరాయి, కోడిగుడ్డు పెంకు, వీటన్నిటిలో ఎక్కువగా ఉండేది ఒకటే, కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌కి వాటి మధ్య తేడా తెలియదు. మా బాబు గ్లాసులో వెనిగర్ పోసి గుడ్డు వేస్తే రెండో రోజుకు పెంకు కరిగిపోయి పైన పొర మాత్రం మిగిలింది, మీ పిల్లలకు కూడా చూపించండి. నేలకి నాపరాళ్లు పరుచుకుని, తడిగుడ్డ నీళ్లలో రోజూ వెనిగర్ కలపమని చెప్పేవాళ్ల మీద నాకు నిజంగా కోపం. వాళ్ల ఇళ్లలో ఏ టైల్సో ఉంటాయి, మన ఇళ్లలో ఏముంటుందో వాళ్లకేం తెలుసు.

ఇప్పుడు నేను వాడేది ఇంతే. షవర్ ఊడదీసి వెనిగర్ గిన్నెలో వేస్తాను, కుళాయికి గుడ్డ చుడితే అరగంటలో తీసేసి కడుగుతాను, కింద ప్లాస్టిక్ పళ్లెం పెట్టకుండా మాత్రం చుట్టను. కోళ్లు నీళ్లు తాగే ప్లాస్టిక్ పళ్లేలకు సగం వెనిగర్ సగం నీళ్లు. పెరట్లో కూరమొక్కలకు పెట్టిన డ్రిప్పర్లు మూసుకుపోతే పీకి రాత్రంతా వెనిగర్‌లో నానేస్తాను, పొద్దున ఊదితే తెరుచుకుంటాయి. చేనులో ఎకరాల లెక్కన ఉన్న పైపులకు ఇది చాలదు, దానికి రైతులు వాడే యాసిడ్ వేరే ఉంది. అల్యూమినియం గిన్నెల్లో పొయ్యొద్దు, అది లోహాన్ని కూడా తింటుంది. పాలు విరగ్గొట్టి పన్నీరు చెయ్యడానికి బాగుంటుంది కానీ మా ఇంట్లో దానికి నిమ్మకాయే. ఇత్తడి చెంబుకు చింతపండు ఉండగా వెనిగర్ కొనడం దండగ.

వంటసోడా, వెనిగర్ కలిపి నురగ చూపించే వీడియోలు నమ్మకండి. ఆ రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, నురగ తగ్గాక మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. కలుపు చస్తుందని తుంగ మీద కొట్టి కూడా చూశాను, రెండు రోజుల్లో ఆకు మాడింది, గడ్డ లోపల చల్లగా ఉంది, వారం తిరక్కుండా మళ్లీ మొలిచింది. తుంగకి పార, ఓపిక, అంతే మందు.

ఇంకొకటి, ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి. బ్లీచింగ్ పౌడర్ చల్లిన బాత్రూంలో వెనిగర్ పొయ్యకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసి ఉంటే ఊపిరి ఆడదు, ప్రాణం మీదకు వస్తుంది. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోవద్దు.

మీరు మొదలుపెట్టే ముందు మీ గట్టు ఏ రాయో కనుక్కోండి. గ్రానైట్ అయితే అంత భయం లేదు. తెలియకపోతే పొయ్యి వెనక ఎవరికీ కనిపించని మూల ఒక్క బొట్టు వేసి పావుగంట ఆగి తుడవండి, ఆరాక మచ్చ కనిపిస్తే ఇక ఆ సీసా వంటగదిలోకి తేవద్దు. మా గట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది, అత్తయ్య దాని మీద ఉప్పు జాడీ పెట్టారు.