బైజాంటైన్ బంగారు నాణెం ఎలా చూడాలంటే

ఒరేయ్ కిరణ్,

వాషింగ్టన్లో ఉంటూ డంబార్టన్ ఓక్స్ మ్యూజియంలోని బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్యపు) నాణేలు ఇన్నాళ్ళూ చూడకపోవడమేంట్రా. సరే, వెళ్తున్నావుగా, ఒక మాట విను. చుట్టూ ఉన్న అక్షరాలతో కుస్తీ పట్టకు, లాటిన్, గ్రీకు కలగాపులగంగా ఉండి సగం అరిగిపోయుంటాయి, అరగంటలో విసుగొచ్చేస్తుంది. ముందు బొమ్మ చూడు. ఎవరు ఏ పక్కనున్నారు, ఎవరి తల మీద ఎవరి చెయ్యి ఉంది, చేతిలో ఏముంది. మన దక్షిణాదిలో దొరికిన వాళ్ళ పాత బంగారు నాణేల్లో (సాలిడస్‌లంటారు) కొన్నిటికి చక్రవర్తి తలపైన రెండేసి చిల్లులుంటాయి, మెడలో వేసుకుంటే ముఖం నిటారుగా ఉండాలని కాబోలు. ఆ రాత చదవలేని మనవాళ్ళు కూడా బొమ్మనే పట్టించుకున్నారన్నమాట.

రెండో జస్టీనియన్ చక్రవర్తితో మొదలుపెట్టు. అంతవరకూ ముందువైపు చక్రవర్తి ముఖమే ఉండేది, ఇతను 690ల్లో ఆ చోటు క్రీస్తుకిచ్చి, తను వెనకవైపు శిలువ పట్టుకుని నిలబడి, 'క్రీస్తు దాసుడు' అని వేయించుకున్నాడు. వినయం అనుకునేవు! ముందువైపు క్రీస్తుకి 'రాజులకు రాజు' అని బిరుదు, అంతటివాడికి నేనే నౌకరుని అంటే మిగతా రాజులు ఎక్కడుండాలో వాళ్ళే చూసుకోవాలి. 695లో ఇతని ముక్కు కోసి తరిమేశారు, 705లో మళ్ళీ వచ్చి గద్దెనెక్కాడు. ఈ రెండో విడతలో క్రీస్తు ముఖమే మారిపోయింది, పొడవు జుట్టు పోయి పొట్టి ఉంగరాల జుట్టు వచ్చింది.

తర్వాత ప్రతిమలు కూడదన్న గొడవలో క్రీస్తు నాణేల మీద నుంచి మాయం. 843లో ఆ గొడవ తీరాక మూడో మైకేల్ నాణేల మీద జస్టీనియన్ మొదటి విడత క్రీస్తునే దించేశారు. కాబట్టి ముఖం చూసి కాలం చెప్పబోతే బోల్తా పడతావు, ఇక్కడ మాత్రం అక్షరాలు చూడాల్సిందే.

అన్నిటికంటే నాకిష్టమైనది జాన్ జిమిస్కెస్‌ది. 969లో అప్పటి చక్రవర్తి నికెఫోరస్‌ని చంపించి సింహాసనం ఎక్కినవాడు. నాణెం మీద చూస్తే సాక్షాత్తూ మరియమ్మే అతని తల మీద చెయ్యి పెట్టి కిరీటం ఉంచుతోంది, పైనుంచి దేవుడి హస్తం దీవిస్తోంది. ఇంత హడావిడి ఎందుకు చేస్తున్నాడని అనుమానం రావాలి నీకు. దీని పక్కనే 1057లో వచ్చిన ఐజాక్ కొమ్నెనోస్‌ని పెట్టి చూడు, ఒర నుంచి దూసిన కత్తితో నిలబడ్డాడు. రాజ్యం దేవుడిచ్చాడని కాకుండా తన కత్తి ఇచ్చిందంటున్నాడని అప్పట్లోనే తిట్టుకున్నారు. రెండేళ్ళకే దిగిపోయాడు పాపం.

11వ శతాబ్దం మధ్య నుంచి నాణేలు గిన్నెలా వంగి ఉంటాయి, ఉబ్బెత్తు వైపు క్రీస్తు, లోపలి వైపు చక్రవర్తి. లోపలి బొమ్మ ఎదురుగా నిలబడితే సరిగ్గా కనిపించదు, కాస్త వంగి పక్కనుంచి చూడు. అద్దం వెనక ఒక్క వైపే పెడితే రెండోది వాళ్ళ వెబ్‌సైట్లో వెతుక్కో. ఫోటోలు పంపితే రెండు వైపులవీ పంపు, ఒక్క వైపే చూసి నన్ను అడగకు.

మీ మావయ్య