తెల్లబట్టకు కొత్త మందు ట్రయల్.. చేరే ముందు ఒకసారి చూపించుకోండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. మాది సఖినేటిపల్లి మండలం. రొయ్యల ప్లాంటులో పని చేస్తాను. ఎనిమిది నెలలుగా తెల్లబట్ట, దురద. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు నాలుగుసార్లు వాడాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఒకటి రెండుసార్లు కలయిక తర్వాత కొంచెం ఎర్రగా కూడా కనపడింది. దీనికే కాకినాడలో ఒక ఆసుపత్రిలో కొత్త మందు ట్రయల్ చేస్తున్నారని, డబ్బులు కూడా ఇస్తారని తెలిసినామె చెప్పింది. చేరొచ్చా? మా ఆయనకు తెలియాలా? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీరు ట్రయల్ గురించి అడిగారు గానీ నాకు భయం వేసింది ‘ఎర్రగా కనపడింది’ అన్న మాట దగ్గర. దాన్ని మీరు ఒక్క ముక్కలో దాటేశారు. ఈ వయసులో కలయిక తర్వాత రక్తం కనిపిస్తే ముందుగా గర్భాశయ ముఖద్వారాన్ని చూడాలి. చాలామందిలో అది వాపో, ఇన్ఫెక్షనో, పాలిప్ అనే చిన్న కండ పెరుగుదలో అవుతుంది. క్యాన్సర్ కాదన్న మాట మాత్రం పరీక్ష చేసినవాళ్లే చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పలేను. స్పెక్యులమ్ అనే చిన్న పరికరంతో లోపల చూసి, ముఖద్వారం క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ చేస్తారు. పండగ వెళ్లాక చూద్దాం అనుకోవద్దు. ఈ వారంలోనే వెళ్లండి.

ఇక మెడికల్ షాపు సంగతి. ఇది రోజూ చూస్తున్నాను, రోజూ కోపం వస్తూనే ఉంది. అడిగే మనిషికి సిగ్గు, ఇచ్చే మనిషికి తొందర. మధ్యలో జబ్బేమిటో ఎవరూ చూడరు. తెల్లబట్ట అన్నది ఒక జబ్బు పేరు కాదమ్మా. విరిగిన పెరుగులా తెల్లగా పడి దురద పెడితే ఫంగస్ కావచ్చు. పల్చగా, చేపల వాసన వేస్తే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. పచ్చగా నురగలా ఉంటే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అన్నిటికీ ఒకే మందు పనిచేయదు. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మింగితే ఫంగస్ పోదు, ఒక్కోసారి యాంటీబయాటిక్ వాడాకే ఫంగస్ మొదలవుతుంది. నాలుగు కోర్సుల్లో మీరు మింగినవేమిటో మీకైనా తెలుసా? పైపూతల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది, దురద అణుగుతుంది, జబ్బు అలాగే ఉంటుంది. డెట్టాల్ నీళ్లతో లోపల కడుక్కునే అలవాటుంటే అదీ మానేయండి. మాటిమాటికీ ఫంగస్ వస్తోందంటే షుగర్ కూడా చూడాలి. తడి గంబూట్లు, తడిసిన బట్టలు దురదను పెంచుతాయి గానీ, ఎనిమిది నెలల బాధను ప్లాంటు నీళ్ల మీదకి నెట్టేయలేం.

ట్రయల్‌లో చేరడం తప్పేం కాదు. కాకపోతే ఇలాంటి ట్రయల్స్‌లో ఈమధ్యే ఈ జబ్బుకు మందులు వాడినవాళ్లను, కారణం తేలని రక్తస్రావం ఉన్నవాళ్లను సాధారణంగా తీసుకోరు. అక్కడ ‘ఏమీ వాడలేదు’ అని చెప్పారంటే నష్టం మీకే. నిజమైన ట్రయలైతే సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరుంటుంది, అడగండి. 2009 జూన్ 15 నుంచి ఇది తప్పనిసరి. అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి, ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోండి. మీకొచ్చేది కొత్త మందో, పాత మందో, మందు లేని ఉత్త మాత్రో మీకు చెప్పకపోవచ్చు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు. డబ్బులంటారా, సాధారణంగా దారి ఖర్చులూ, పోయిన కూలీ కిందా ఇస్తారు. దాని కోసమే చేరేటట్టయితే వద్దు. చెప్పిన తేదీలకు వెళ్లి తీరాలి. వరదల్లో గోదావరి దాటించే నరసాపురం పంటు ఆగిపోతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి.

మీ ఆయన సంతకం అక్కర్లేదు. మీరు మేజర్, సమ్మతి మీదే. కానీ ఆయనకు తెలియకపోతే వైద్యానికే ఇబ్బంది. ట్రైకోమోనాస్ అయితే ఇద్దరికీ మందు వేయాల్సిందే. వెజైనోసిస్‌కి మగవాళ్లకు మందు అవసరం లేదని ఏళ్ల తరబడి మేమే చెప్పాం. 2025లో ఆస్ట్రేలియా ట్రయల్ ఫలితం వచ్చింది: మగవాళ్లకూ మాత్రలు, పైపూత ఇస్తే 12 వారాల్లో తిరగబెట్టినవాళ్లు 35 శాతం, ఆడవాళ్లకు మాత్రమే ఇస్తే 63 శాతం. జంటలు కలిసి చేరబట్టే అది తేలింది.

తెల్లబట్ట పోతుందని గర్భసంచి తీసేయమనేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. ఎవరైనా అలా అంటే సంతకం పెట్టకుండా బయటకు రండి.

నరసాపురమో, అమలాపురమో, ప్రభుత్వాసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్లండి. నెలసరి లేని రోజు చూసుకోండి. అంతకు రెండు రోజుల ముందు నుంచీ కలయిక వద్దు, లోపల క్రీములేవీ పెట్టుకోవద్దు. వాడిన మాత్రల అట్టలు, ట్యూబులు సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. జ్వరం, పొత్తికడుపు నొప్పి మొదలైతే మాత్రం రోజు చూసుకోకుండా వెంటనే వెళ్లండి.

– గైనకాలజిస్ట్, భీమవరం