ముందు కాస్త ఆడుకో తమ్ముడూ

తమ్ముడూ,

పలాస జీడిపప్పు మిల్లు మీద నువ్వు రాసిన కథ చదివాను. జీడి రసానికి నల్లబడ్డ వేళ్లు, కూలి లెక్కలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పక్కపక్కన కూర్చుని పప్పు వలిచే ఆడవాళ్లలో ఒక్కరూ ఇంకొకరిని ఆటపట్టించరు, ఒక్కరూ నవ్వరు. మన శ్రీకాకుళం జిల్లాలో అలాంటి మిల్లు ఎక్కడుందో చూపించు, వచ్చి చూస్తాను. వాళ్ల తప్పు కాదులే, రాసేటప్పుడు నువ్వే బిగుసుకుపోయావు, ప్రతి వాక్యానికీ 'పత్రిక వాళ్లు వేసుకుంటారా' అని టెన్షన్.

కథని కాసేపు పక్కన పెట్టి ఆడుకో. అంటే తోచిందల్లా రాసెయ్యమని కాదు, ఏ నియమమూ లేని ఆట కాసేపటికే విసుగొచ్చేస్తుంది. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది కదా, కవి ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఫలానా అక్షరం రాకూడదని పృచ్ఛకుడు అడ్డుపడతాడు, వెళ్దామనుకున్న దారి మూసుకుపోయేసరికి కవికి అప్పటిదాకా తట్టని మాట తడుతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారైతే రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఐదింటితో ఐదు తాళాలు వేసేవారు. 1919లో పెట్టిన విజయనగరం సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆయన, అది కుర్రచేష్ట అని ఎవరైనా అనగలరా?

నువ్వు వచనంలో ఆడు. 'బాధ', 'గుండె', 'కన్నీళ్లు', ఈ మూడూ నిషేధం. నీ కథలో అప్పలమ్మకి కూలి కోసేశారు, 'ఆమె గుండె బరువెక్కింది' అని రాశావు. ఆ మాట లేకపోతే ఏం చేస్తుంది? ఇంటికెళ్లి చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంది, రాళ్లు అయిపోయినా ఏరుతూనే ఉంటుంది, కూతురు చూసి "ఏటమ్మా, బియ్యం కూడా ఏరి పారేస్తావేటి?" అంటుంది. ఇది నీకు రాస్తూ రాస్తూ ఇప్పుడే ఆడింది, నచ్చితే వాడుకో. ఇంకోరోజు ఏడురోడ్ల కూడలిలో నిలబడి ఎవరో ఫోన్లో మాట్లాడేది విను, అవతలివాళ్ల మాటలు నువ్వు కల్పించు.

వీటికి వేరే నోట్‌బుక్ పెట్టుకో. ఫోన్ వద్దు, అందులో రాస్తే వెంటనే ఎవరికో ఒకరికి పంపాలనిపిస్తుంది, లైకులు లెక్కపెట్టడం మొదలైందా, ఇక ఆట పోయి పరీక్ష వచ్చినట్టే. రాసినదాంట్లో చాలా మటుకు చెత్తే ఉంటుంది, ఉండనీ. ఇంట్లో 'ఇంత వయసొచ్చి ఈ పిచ్చి రాతలేటి' అంటే తప్పెటగుళ్లు చూడమను. గుండెల మీద రేకు తప్పెటలు కట్టుకుని ఎగురుతూ, ఒకరి భుజాల మీద ఒకరెక్కేది మీసాలొచ్చిన మగాళ్లే కదా.

కథ తిరగరాశాక పంపు. ముందు అప్పలమ్మ పక్కన కూర్చునే ఆవిడ ఎవరో, ఆవిడ నోరు ఎలాంటిదో తేల్చుకో. ఆ నోట్‌బుక్ మాత్రం నాక్కూడా చూపించకు.

ఉంటాను,
అన్నయ్య
విజయనగరం